అవార్డు వద్దన్న శంకరన్ సార్



హక్కుల కోసం నిలబడినవాళ్లకు ఇచ్చే జాతీయ అవార్డుల గురించి మొన్న మాట వచ్చింది. "అవార్డు వస్తేనే కదా పని లోకానికి తెలిసేది" అన్నాడు ఒక తమ్ముడు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఇచ్చిన అవార్డును వద్దన్న ఒకాయన చరిత్ర కూడా మనం తెలుసుకోవాలె.

ఆయన ఎస్.ఆర్. శంకరన్, ఐఏఎస్. పుట్టింది తమిళ కుటుంబంలో, పనిచేసింది మన మధ్య. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. చట్టం రాగానే వెట్టి పోదు కదా! సాంఘిక సంక్షేమ శాఖ అధికారిగా ఆయన ఊళ్లు తిరిగి, "మీ మీద ఏ అప్పూ లేదు, మీరు స్వేచ్ఛగా ఉన్నారు" అని పాలేర్లకు నేరుగా చెప్పేవారు. ఇది పెద్ద భూస్వాములకు కంటగింపు అయింది. తర్వాత ఆయన త్రిపురకు ప్రధాన కార్యదర్శిగా వెళ్లారు.

1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు కొందరు ఐఏఎస్ అధికారులను ఎత్తుకెళ్లారు. వాళ్లలో శంకరన్ గారు ఒకరు. బయటికి వచ్చాక ఆయన పగ పెంచుకోలేదు. పదేళ్లకు, 1997లో, పౌర స్పందన వేదిక పెట్టి బూటకపు ఎదురుకాల్పులను తప్పన్నారు. నక్సలైట్ల హింసనూ తప్పన్నారు. ఇద్దరి నడుమ నలిగేది మన గూడేలే అని ఆయనకు తెలుసు. 2004 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన శాంతి చర్చల్లో మధ్యవర్తిగా కూర్చున్నారు.

2005 మొదట్లో ఆ చర్చలు చెదిరిపోయాయి, అడవిలో మళ్లీ తుపాకులు మోగినయి. అదే సమయంలో ఆయనకు పద్మభూషణ్ ప్రకటించారు. ఆయన తీసుకోలేదు. ఆ తర్వాత కూడా పాకీ పని నిర్మూలన కోసం సఫాయి కర్మచారి ఆందోళన్ వెంట నడిచారు. పెళ్లి చేసుకోలేదు, పింఛను డబ్బులు పేద పిల్లల చదువులకే పోయేవి. 2010 అక్టోబరు 7న కన్నుమూశారు.

అవార్డు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. ఊరూపేరూ లేని మనవాళ్లకు అది రక్షణ కూడా అవుతుంది. పేరు తెలిసిన మనిషి మీద చెయ్యి వేయాలంటే ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు. కానీ అవార్డును కొలబద్ద చేసుకోవద్దు. మీ ఊళ్లో పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పెద్దాయనకు ఒక దరఖాస్తు రాసిపెట్టండి. శంకరన్ సార్ మొదలుపెట్టింది అలాంటి చోటనే: చట్టంలో ఉన్న మాటను, అది ఎవరికోసం రాశారో వాళ్ల చెవిన వేయడం.

జోహార్ శంకరన్ సార్!