గోధుమ కొలత, జొన్న నేల

ఎలగందుల కోటక్రింద మానేటి యొడ్డున బ్రతికిన బీద ముసల్మానుల యిండ్లలో నిత్యము వండుకొనునది జొన్నరొట్టె, చెరువు నిండిన యేట వరియన్నము; గోధుమ పండుగపూట మాట. అయినను ఉపవాసము విడిచినవాడు ఈయవలసిన ధాన్యమును మాత్రము దక్కనులో బహుళముగా అనుసరింపబడు హనఫీ ధర్మశాస్త్రము ముఖ్యముగా గోధుమతో కొలిచినది. 1905లో జిల్లాలుగా రూపుదాల్చిన కరీంనగరు, ఆదిలాబాదు సీమలకు ఈ లెక్క చిత్రమైన చిక్కు తెచ్చిపెట్టినది.

పొరుగువారు ఒక్కపొద్దు అని పిలుచు రంజాను రోజాను రోగియో బాటసారియో విడిచినచో, పిమ్మట ఉండి తీర్చుట 'కజా'. మరల ఉండగల ఆశలేని వృద్ధుడు దినమునకొక పేద చొప్పున కొలిచి యిచ్చునది 'ఫిద్యా': 'సా' యను పాత అరబ్బు కొలతలో సగము గోధుమలు, ఈ దేశపు తూకమున పావు తక్కువ రెండు సేర్లు. ఖర్జూరము, యవలైనచో నిండు సా. జొన్నలకు, వడ్లకు శాస్త్రములో కొలతయే లేదు. గోధుమల వెలకు సరితూగవలెనన్నదే నియమము. కావున ఇంటిపెద్ద అంగడినాడు తాను కొనని గోధుమల ధర విచారించి, చౌకయైన జొన్నలను దానికి తగినన్ని, అనగా రెండు సేర్లకు మించియే, కొలవవలసివచ్చెడిది. మానికను తల కొట్టక, గింజలు అంచుదాటి జారునట్లు నింపి, పుచ్చుకొనువారి కొంగులో పోయుటలో లెక్క తప్పునేమోనన్న భయమును కొంత కలదు.

బుద్ధిపూర్వకముగా భంగపరచినవానికి 'కఫ్ఫారా'. దానికి మొదటి మార్గము బానిస విమోచనము; అది వీలుకానిచో ఎడతెగక రెండు మాసముల యుపవాసము. చేతనైనవాడు యాబదితొమ్మిదవనాడు మానినను మరల మొదటినుండి యెత్తుకొనవలసినదే. నడుమ పండుగ వచ్చినను వరుస తెగును. అశక్తుడు అరువదిమంది పేదలకు రెండుపూటల భోజనమిడవలెను, లేదా నూటయైదు సేర్ల గోధుమలీయవలెను. నలువది సేర్ల మణుగుతో అది రెండు మణుగుల యిరువదియైదు సేర్లు, చిన్న రైతుకు గాదె ఖాళీయగు బరువు. అంతయు ఒకే పేదకు ఒకనాడే యిచ్చినచో ఒక్క దినపు లెక్కయే. అరువది దినములు పంచి యిచ్చినచో చెల్లును. భోజనమిడుటయే ఉద్దేశమని దీనివలననే తెలియుచున్నది.

దీనిని జరిమానా యనుట నాకు సమ్మతము కాదు. వసూలు చేయు కాజీ లేడు, రసీదు లేదు. సంశయము కలిగినవాడు మతపండితుడైన ఆలిమునో, 1876లో అన్వారుల్లా ఫారూఖీ స్థాపించిన హైదరాబాదు జామియా నిజామియా మదరసానో అడిగి తెలిసికొనునేగాని, కొలిచెడివాడు తానే. ప్రవక్తయొద్దకు వచ్చి కఫ్ఫారాకు ఏ దారియు లేదనిన దరిద్రునికి ఖర్జూరపు బుట్ట యిచ్చి దానము చేయుమనగా, నగరమంతట తనకంటె బీదలేడని యాతడు మొరపెట్టుకొనెను. ఆయన నవ్వి, ఇంటివారికే పెట్టుమనెను. ఈ గాథ హదీసులలో ప్రసిద్ధము.

నేడు ఫిద్యాను పలువురు రూపాయలలోనే చెల్లించుచున్నారు; జొన్న తరచు గోధుమను మించి ధర పలుకుచున్నది. పాత లెక్క ప్రకారము ఇప్పుడు జొన్నలిచ్చువాడు పావు తక్కువ రెండు సేర్లకంటె తక్కువయే కొలిచిన చాలును.