ఎర్రసముద్రపు పచ్చరాయి

లేత అరటాకును ఎండకు ఎదురుగా పట్టి చూచినచో పసుపు కలిసిన పచ్చదనమొకటి కనబడును. అట్టి వన్నెగల రత్నమును పెరిడాట్ అందురు. మన నవరత్నములలో దీనికి చోటు లేకపోవుటచే మన నగలపెట్టెలలో ఇది అరుదు. దీనిని ధరించిన రాణులను గూర్చి వ్రాసినవారు పలువురు కలరు. దీనిని ఏరి తెచ్చిన వారిని గూర్చి మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈజిప్టు దక్షిణతీరమున, ప్రాచీన బెరినైకే రేవుకు ఆవల, ఎర్రసముద్రములో జబర్గద్ అను దీవి కలదు. వైశాల్యము నాలుగైదు చదరపు కిలోమీటర్లు. పంట పండని నేల. భూగర్భమున మిక్కిలి లోతున నుండవలసిన శిల ఇచ్చట పైకి నెట్టుకొని వచ్చినది. దాని పగుళ్లలో ఈ రాళ్లు పెరిగినవి. గ్రీకులు ఈ దీవిని టోపజోస్ అనిరి. రాతికిని అదే పేరు. మంచు కప్పియుండుటచే నావికులు దీనిని వెదకి వెదకి చేరవలసివచ్చెడిదని రోమను గ్రంథకర్త ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దిలో వ్రాసెను. అర్సినోయీ రాణికి ఈ రాతితో నాలుగు మూరల విగ్రహము చేసిరనియు ఆయన చెప్పెను. అంత రాయి ఇచ్చట దొరకెనన్న మాటను మేము నమ్మజాలము.

ఆయనకు ముందటి శతాబ్దివాడగు డయడోరస్ చెప్పినది మాత్రము మనస్సును కలచును. రాజాజ్ఞ లేక దీవిపై కాలుమోపిన వానిని కావలివారు చంపెడివారట. రాయి పగలు కానరాదనియు, రాత్రి మెరయుననియు తలచి, కావలివారు చీట్లు వేసి తావులు పంచుకొని రాత్రులందు తిరిగెడివారు. మెరసిన చోట ఒక పాత్రను బోర్లించి, తెల్లవారిన పిదప ఆ మేర శిలను చెక్కి, సానపట్టు వారికిచ్చెడివారు. చీకటిలో తనంత తాను వెలుగు గుణము పెరిడాట్‌కు లేదు. ఆ కథ యెట్లు పుట్టినదో గాని, తిండి మాట కథ కాదు. ఆహారము ఓడలలో రావలసినదే. నిలువ తరిగినప్పుడు ఊరంతయు ఒడ్డున కూర్చుండి ఓడకై ఎదురుచూచెడిది. ఓడ ఆలసించినచో వారి ఆశలు అడుగంటెడివి. తప్పించుకొనుటకు ఒక్క పడవయైనను వారికి లేకుండెను.

కాలక్రమమున రాతి పేరును చేయిజారినది. 18వ శతాబ్దిలో జర్మనీ దేశపు సాక్సనీలో దొరకిన పసుపురాతికి శాస్త్రజ్ఞులు టోపాజు అను పేరును స్థిరపరచిరి. కొలోన్ నగరపు ప్రధాన దేవాలయములో ముగ్గురు జ్ఞానుల అస్థికలుంచిన బంగారు పేటికపై పొదిగిన పెద్ద పచ్చరాళ్లను శతాబ్దములపాటు మరకతములనియే యెంచిరి; పిదప అవి పెరిడాట్‌లని తేలెను. మరకతమునకు క్రోమియము వంటి లోహముల లేశము వన్నెనిచ్చును. పెరిడాట్‌లోనో, దాని కూర్పులోనే యున్న ఇనుము వన్నెనిచ్చును. దీపకాంతిలోను ఆ పచ్చదనము చెక్కుచెదరదు గనుక సాయంకాలపు పచ్చ యన్న ముద్దుపేరు దీనికి కలిగినది.

రాయి కొంత మెత్తనిది. ఆకురాయికి లొంగునని ప్లినీయే కనిపెట్టెను. అందుచే దినమంతయు పనిచేయు చేతికి ఉంగరముగా కంటె, లోలకుగానో కమ్మలుగానో తగును. ఆమ్లములు తగులరాదు. అమెరికాలోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో 310 కారెట్లకు మించిన సానరాయి యొకటి కలదు. అదియు ఈ దీవిదే.

నేడు పెరిడాట్ అమెరికాలోని అరిజోనాలోను, బర్మాలోని మోగోక్ ప్రాంతమునను లభించుచున్నది. 1990 తరువాత పాకిస్తాన్‌లోని కోహిస్తాన్ కొండలలోను మేలిరకపు రాళ్లు బయటపడినవి. ఆ గనులు 13 వేల అడుగులకు పైన నున్నవి. మంచు కరగిన వేసవి నెలలలో మాత్రమే కూలీలు తిండిగింజలు మోసికొని అచ్చటికెక్కుదురు.