ఇత్తడి తూటా

మన యింటి నీళ్లచెంబును, వేటకాని తూటాను ఒక్క లోహముతోనే చేయుదురన్న మాట వినుటకు వింతగా నుండును. అమరకోశము రీతి యనియు, ఆరకూట మనియు పేర్కొన్న ఇత్తడియే యది. తూటాకు వాడు ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము.

1857 జనవరిలో కలకత్తా చేరువనున్న డమ్‌డమ్‌లో సిపాయీలు క్రొత్త తూటాలను గూర్చి కలతపడిరి. అవి కొవ్వు పూసిన కాగితపు తూటాలు. పంటితో కొరికి చింపవలసినవి. తరువాతి కథ మీరెరుగనిది కాదు. ఆ యేటనే అమెరికాలో స్మిత్, వెస్సన్ అను భాగస్వాములు రాగిగొట్టపు తూటాలు పట్టు చిన్న రివాల్వరును విక్రయింప నారంభించిరి. అంటుకొను మందు ఆ గొట్టపు అంచులోనే యుండెను. దెబ్బకు అంచు నొక్కుకొని పోవును గనుక గొట్టము మరల పనికిరాదు.

1866లో అమెరికావాడైన బెర్డాను, ఆంగ్లేయుడైన బాక్సరు, ఎవరికి వారే ఆ మందును చిన్న కేపులో నుంచి గొట్టపు అడుగున నడుమ నమర్చిరి. నిప్పు లోనికి బోవుటకు బెర్డాను పద్ధతిలో సాధారణముగా రెండు రంధ్రములు. బాక్సరు పద్ధతిలో నడిమధ్య నొక్కటియే. అందులో సన్నని చీల దూర్చి, వాడిన కేపును సులువుగా త్రోసివేయవచ్చును. కావున ఇంటనే తూటాలు నింపుకొను అమెరికావారు ఆంగ్లేయుని పద్ధతిని చేపట్టిరి; ఐరోపా సైన్యములలో పెక్కు అమెరికావాని పద్ధతిని చేపట్టెను. పొరుగింటి పుల్లకూర రుచి గదా! (మన దేశమున లైసెన్సు లేక తూటాలు చేయుట 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము నేరము.)

రాగి మెత్తనిది, పేలినప్పుడు ఉబ్బి తుపాకిని పట్టుకొని యుండును. ఇత్తడి ఉబ్బి సందు మూసి, వెంటనే కొంత ముడుచుకొని వదలివచ్చును. ఐనను ఉబ్బించి నొక్కిన కొలది బిరుసెక్కును. కంచరివాడు చెంబును నడుమ నడుమ కాల్చుట యేల? ఊరక కొట్టుచుండిన బీటలు వారును గనుక. అందుచేతనే వాడిన గొట్టములను ఏరువారు మొదట మూతి చుట్టు చీలిక కలదేమో చూతురు.

ఈ చీలిక యొకప్పుడు మన దేశముననే ఆంగ్ల సైన్యమును విస్మయపరచెను. వానకాలమున గుఱ్ఱపుసాలలలో దాచిన తూటాలు, ఒక్కటియు పేల్చకుండగనే, గొట్టములు చీలి కనబడుచుండెను. ఋతువును బట్టి వచ్చుటచే దానికి ఋతువు చీలిక యని యర్థమిచ్చు పేరు పెట్టిరి. లోహము కల్తీదా? పనివాని తప్పా? 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అను మువ్వురు గుట్టు విప్పిరి. గుఱ్ఱముల మూత్రమునుండి లేచు అమ్మోనియా, వాన తేమతో గూడి, అచ్చులో సాగదీసిన యిత్తడి లోపలి బిగువుపై పనిచేసినది. బిగువు లేనిచో అమ్మోనియా యొక్కటి చీల్చజాలదు. చేసిన పిమ్మట మితమైన వేడి తగిలించి బిగువు సడలించుటయే మందు. పశువులసాలలో ముక్కు మండించు ఆ వాసన మనకు క్రొత్తది కాదు. అది ఇత్తడిని చీల్చునని మాత్రము నేను ముదిమిలో గాని యెరుగనైతిని.

ఇంట తూటాలు నింపుకొను దేశములలో, అమ్మోనియా కలసిన తోముడు ద్రవములను గొట్టములకు తగులనీయరాదని నేటికిని హెచ్చరింతురు.