చేవ్రాలు చేస్తుండగా పడిన గోలు

1932 ఆగస్టు 11వ తేదీన, లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడోత్సవంలో, భారత హాకీ జట్టు అమెరికా జట్టును 24–1 తేడాతో ఓడించింది. రూప్ సింగ్ ఒక్కరే పది గోల్స్ చేశారు. అన్నగారైన ధ్యాన్ చంద్ ఎనిమిది చేశారు. హాకీతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికి కూడా ఈ లెక్క కంఠస్థమే. మమ్ములను ఎప్పుడూ ఆకర్షించినది మాత్రం ఆ ఇరవైనాలుగు కాదు, ఎదుటివారికి దక్కిన ఆ ఒక్కటి. ఆ క్షణాన మన గోల్‌కీపరు రిచర్డ్ అలెన్ తన స్థానంలో లేరనీ, గోలు వెనుక గుమికూడిన ప్రేక్షకులకు చేవ్రాళ్లు చేసి ఇస్తున్నారనీ హాకీ లోకంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కథకు కొంత తిరగమోత పడి ఉండవచ్చును. అయితే 1928లో ఆమ్‌స్టర్‌డామ్ పోటీలలో ఒక్క గోలునైనా పోనీయని మనిషి ఈ అలెన్. అటువంటివానిమీద అమెరికావారు గోలు ఎట్లా చేయగలిగారో చెప్పడానికి ఇంతకంటె నమ్మదగిన కారణం మాకు దొరకలేదు.

ఆనాడు అలెన్ చేతినుండి కాగితం అందుకున్నవారెవరో, ఆ కాగితాలు ఏమైనవో తెలియదు. అడిగిన తడవుగా దొరికిన ఆ చేవ్రాళ్లకోసం నేడు సేకర్తలు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి ఉన్నది. పాత క్రికెట్ ఆటగాని సంతకమైతే, వెల చెల్లించగలవారికి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పాత హాకీ ఆటగాని సంతకం దొరకదు. ఇది వారు బిగువు చూపి ఇవ్వక నిరాకరించినందువల్ల వచ్చిన కొరత కాదు. వారిని అడిగినవారు లేకపోవడంవల్ల వచ్చిన కొరత.

1928 మార్చిలో ‘కైసర్-ఇ-హింద్’ ఓడమీద ఆమ్‌స్టర్‌డామ్‌కు బయలుదేరిన జట్టును బొంబాయి రేవులో సాగనంపడానికి వచ్చినవారు ముగ్గురంటే ముగ్గురు. ముగ్గురిలో ఎవరి చేతిలోనైనా చేవ్రాళ్ల పుస్తకం ఉన్నదని మేము ఎక్కడా చదవలేదు. మే 26న అంతిమ పోటీలో హాలెండును 3–0తో గెలిచి, బంగారు పతకంతో తిరిగివచ్చినప్పుడు అదే రేవు జనంతో కిటకిటలాడింది. జనం పూలదండలు తెచ్చారు. పూలదండలు తెచ్చినవారు కలమూ కాగితమూ తేవడం మన దేశంలో ఆనాటికి అలవాటు కాలేదు.

ఇప్పుడు ఆ ఒక్క జట్టు చేవ్రాళ్లను ఒకచోట చేర్చాలని బయలుదేరిన సేకర్త పాట్లు చూడండి. నాయకుడు జైపాల్ సింగ్ తరువాత రాజ్యాంగ పరిషత్తులో సభ్యులై, ఆదివాసుల పక్షాన గొంతు వినిపించినవారు. ఆయన చేతివ్రాతకోసం హాకీ అభిమానులతోబాటు రాజకీయ చరిత్రకారులూ పోటీ పడుతారు. జట్టులో ఫిరోజ్ ఖాన్ దేశ విభజనానంతరం పాకిస్తాన్‌లో స్థిరపడి, నూరేళ్లు నిండిన మీదట, 2005 ఏప్రిల్‌లో కరాచీలో కన్నుమూశారు. అంతకాలం ఆయన ఉన్నారన్న సంగతి మన దేశంలో ఎందరికి తెలుసు? తెలిసినవారిలో ఎందరు ఒక ఉత్తరం రాశారు? ఆ జట్టులో పెక్కుమంది ఆంగ్లో–ఇండియన్లు. 1947 తరువాత ఆ సమాజంలో అనేక కుటుంబాలు ఇంగ్లండుకూ, ఆస్ట్రేలియాకూ తరలిపోయినవి. అట్లా మన దేశంనుండి వెళ్లిన పియర్స్ కుటుంబంలోని అన్నదమ్ములు అయిదుగురూ ఆస్ట్రేలియా పక్షాన హాకీ ఆడారంటే, మన మైదానాలనుండి ఎంత సంపద ఓడ ఎక్కిందో ఊహించుకోవచ్చును.

విభజన ఈ సేకరణను మరొక విధంగా కూడా చీల్చింది. 1932 జట్టు నాయకుడు లాల్ షా బొఖారీ పాకిస్తాన్ దౌత్యోద్యోగంలో చేరి సింహళంలో హైకమిషనరుగా పనిచేశారు. 1936లో బెర్లిన్‌లో భారత పక్షాన ఆడిన అలీ ఇక్తిదార్ షా దారా, 1948లో లండన్‌లో పాకిస్తాన్ జట్టుకు నాయకులు. లతీఫుర్ రెహమాన్, అఖ్తర్ హుస్సేన్ 1948లో మన జట్టులో బంగారు పతకమూ, 1956లో పాకిస్తాన్ జట్టులో వెండి పతకమూ అందుకున్నారు. వీరి చేవ్రాళ్లను ఏ దేశపు పుటలో అతికించాలి? తేదీ లేనిదే చెప్పడం కష్టం.

పేర్ల చిక్కు ఇంకొకటి. 1948, 1952, 1956 ఒలింపిక్ క్రీడలలో ఆడిన బల్బీర్ సింగ్ ఒకరుండగా, 1968లో మెక్సికోకు వెళ్లిన మన జట్టులో ముగ్గురు బల్బీర్ సింగులు ఉన్నారు. ఒకరు రైల్వేలవారు, ఒకరు సైనికదళాలవారు, ఒకరు పంజాబువారు. ‘బల్బీర్ సింగ్’ అని మాత్రమే ఉన్న కాగితపు ముక్కను ఎవరైనా గొప్పగా చూపిస్తే, మేము ముందుగా అడిగేది “ఏ బల్బీర్ సింగ్?” అని.

ఇక దొంగ సంతకాల మాట. ధ్యాన్ చంద్ పేరున తిరిగే కాగితాలన్నీ ఆయన చేతివి కావు. ఆయన 1922లో సిపాయిగా సైన్యంలో చేరిన మనిషి. 1936లో జట్టు నాయకులుగా బెర్లిన్ వెళ్లేనాటికి కూడా ఆయనకు అధికారి హోదా లేదు. కనుక బెర్లిన్‌నాటి సంతకమని చెబుతూ, పేరు ముందు ‘మేజర్’ అని ఉన్న కాగితం తెచ్చినవారిని గౌరవంగా సాగనంపవలసినదే. బెర్లిన్‌నాటి ఛాయాచిత్రం మీద బాల్‌పాయింటు సిరా కనిపిస్తే, ఆ సంతకం ఎన్నో ఏళ్ల తరువాత చేసినది. అంతమాత్రాన అది దొంగదని అర్థం కాదు. ధ్యాన్ చంద్ ఆత్మకథ ‘గోల్’ 1952లో మద్రాసునుండి ‘స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్’ పత్రికవారి ప్రచురణగా వెలువడింది. పుస్తకం చేతికి వచ్చిన తరువాత ఆయన ఇరవైయేడేళ్లు జీవించి, 1979 డిసెంబరు 3న మరణించారు. ఆ ఇరవైయేడేళ్లలో సంతకం చేయించుకున్న ప్రతి ఒకటి మన తెలుగు ఇళ్లలో ఎక్కడైనా అటకమీద ఉన్నదేమోనని మాకు ఒక ఆశ.

ఎందుకంటే, దాచవలసినవారు దాచారని నమ్మడానికి లేదు. పైన చెప్పిన మొదటి బల్బీర్ సింగ్ 1985లో తన పతకాలనూ, మెల్‌బోర్న్ ఒలింపిక్ కోటునూ, అపురూపమైన ఛాయాచిత్రాలనూ క్రీడా ప్రదర్శనశాలకోసమని ఒక సంస్థకు అప్పగించారు. ప్రదర్శనశాల వెలసినది లేదు. వస్తువులు కనబడకుండా పోయినవి. 2020 మే నెలలో మరణించేవరకూ ఆయన వాటిని గురించి అడుగుతూనే ఉన్నారు. మూడు బంగారు పతకాల వీరుని కోటుకే దిక్కులేనప్పుడు కాగితపు ముక్కల మాట చెప్పనేల?

రేడియో ఉన్న ఇంటివారికి హాకీ ముఖ్యంగా చెవితో తెలిసిన ఆట. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో మన జట్టు పాకిస్తాన్‌ను 2–1తో గెలిచి ప్రపంచ కప్పు తెచ్చిననాడు, జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానం విన్న కుటుంబాలకు ధ్యాన్ చంద్ కుమారుడు అశోక్ కుమార్ పేరు తెలిసింది, ముఖం తెలియలేదు. ముఖమే తెలియనివారిని దారిలో ఆపి చేవ్రాలు అడగడమెట్లా? ఆటగాళ్లు రైళ్లలో, సైనిక శిబిరాలలో, బ్యాంకు కౌంటర్ల వెనుక మన మధ్యనే తిరిగారు. 1992, 1996, 2000 ఒలింపిక్ క్రీడలలో ఆడిన ముఖేష్ కుమార్ మన హైదరాబాదువారు. ఆ నగర వీధులలో వారిని దాటిపోయినవారెందరో లెక్కపెట్టగలమా?

ఇంతకూ వారు సంతకాలు చేయలేదా? జీవితమంతా చేశారు. హాజరు పట్టీలలో, జీతాల రసీదులలో, సెలవు చీట్లలో చేశారు. అసలైన చేవ్రాళ్లు ఉన్నది అక్కడనే. గడువు తీరగానే పాత దస్త్రాలతోబాటు తగులబడుతున్నదీ అక్కడనే.

ఈ మాట అనుభవంమీద చెబుతున్నాము. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కేంద్రంలో, జాతీయ జట్టులో ఆడి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దవారిచేత పది నిమిషాల ప్రసంగం చేయించాము. ప్రసంగం ముగిసిన మీదట, నియమం ప్రకారం, ఒప్పంద పత్రంమీద ఒక సంతకమూ, రసీదుపై రెవిన్యూ స్టాంపు మీదుగా మరొక సంతకమూ చేశారు. చేయి కొద్దిగా వణికింది. స్టాంపు దాటి అక్షరం పక్కకు జారింది. మా చేతిసంచిలో, ఆ ఉదయమే కొన్న చిన్న పుస్తకం ఉన్నది. కార్యాలయంలో నలుగురి ముందు చిన్నపిల్లవానివలె అడగడానికి సిగ్గుపడ్డాము. వరండా దాటుతూ ఆయనే వెనుదిరిగి, “సంతకాలన్నీ అయినట్టేనా నాయనా?” అన్నారు. “అయినవండీ” అన్నాము.

రెండేళ్లకు ఆయన పోయారు. టేపు మిగిలింది. రసీదుకోసం వెళ్లేసరికి, ఆ సంవత్సరపు దస్త్రాలు గడువు తీరి నాశనమైనవని చెప్పారు. సిగ్గు విడిచి వారి ఇంటికి ఉత్తరం రాశాము. మూడు వారాలకు ఒక కవరు వచ్చింది. లోపల, మనుమని పాఠశాలవారి ప్రగతి పత్రం ఒకటి. లెక్కలలో నూటికి ముప్ఫైయెనిమిది. సంరక్షకుని సంతకం ఉండవలసినచోట ఆ పేరు, ఆ వంపు, చివర పక్కకు జారిన ఆ అక్షరం. ఇంట్లో ఇది తప్ప వేరే కాగితం దొరకలేదనీ, ఉంచుకొనవచ్చుననీ కోడలుగారు రాశారు.

చాలాసేపు చూసి, అట్టముక్కల నడుమ భద్రంగా పెట్టి, రిజిస్టరు తపాలాలో తిప్పి పంపించాము.