చెట్టుకు దస్తావేజు ఉంది, మనిషికి లేదు



ప్రకృతిని చెడగొట్టకుండా కట్టిన ఊరు అని ప్రపంచమంతా మెచ్చుకునే చోటు ఒకటుంది. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం, అట్లాంటిక్ తీరంలో హిల్టన్ హెడ్ అనే దీవి. ఆ దీవి దక్షిణపు కొసన సీ పైన్స్ అనే రిసార్టు కాలనీ. అక్కడి ఇళ్ళు చెట్ల చాటునే ఉంటాయి. గోడలకు మట్టి రంగులు, చెక్క రంగులు తప్ప కళ్ళు చెదిరే రంగులుండవు. మెరిసే నియాన్ బోర్డులుండవు. ఊళ్ళు ఎలా కట్టాలో చదువుకునేవాళ్ళకు సీ పైన్స్ ఒక పాఠం.

ఆ పాఠంలో ఒక పేజీ తరచుగా తప్పిపోతుంటుంది. ఇవాళ ఆ పేజీ చదువుదాం.

ముందు ఆ దీవి ఎవరిదో చూడాలి. బానిసత్వం ఉన్న రోజుల్లో అక్కడ ఇరవైకి పైగా ప్లాంటేషన్లు ఉండేవి. పొడుగు పింజ ఉన్న సీ ఐలాండ్ పత్తి పండించేవాళ్ళు. పండించింది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషులు, అమ్ముకుంది తెల్ల దొరలు. 1861 నవంబర్ 7న ఉత్తరాది నౌకాదళం పోర్ట్ రాయల్ దగ్గర గెలిచి దీవిని పట్టుకుంది. దొరలు పారిపోయారు. పని చేసిన చేతులు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

1862లో జనరల్ ఆర్మ్స్‌బీ మిచెల్ వాళ్ళకోసం ఒక ఊరు వేయించాడు. దాని పేరే మిచెల్‌విల్. వీధులు గీశారు, ఒక్కో కుటుంబానికి ఇంత అని స్థలం ఇచ్చారు. ఇళ్ళు వాళ్ళే కట్టుకున్నారు, తమ పెద్దల్ని తామే ఎన్నుకున్నారు. 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలు బడికి పోవాల్సిందేనని చట్టం చేసుకున్నారు. సౌత్ కరోలినాలో నిర్బంధ విద్య అన్న మాట మొదట పుట్టింది ఆ ఊళ్ళోనే. నిన్నటిదాకా అక్షరం ముట్టుకుంటే శిక్ష పడిన జనం, స్వేచ్ఛ వచ్చీ రాగానే అడిగింది బడి. మహాత్మా ఫూలే 1873లో తన 'గులాంగిరీ' పుస్తకాన్ని బానిస విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడని మనకు తెలుసు. ఆ విముక్తి నేలమీద ఎలా ఉండేదో చూడాలంటే మిచెల్‌విల్‌ని చూడాలి. పూణేలో ఫూలే దంపతులు బడి తలుపులు తెరిచిన శతాబ్దంలోనే ఇక్కడ వీళ్ళు తెరిచారు.

యుద్ధం ముగిసింది, సైన్యం వెళ్ళిపోయింది, దాంతోపాటే కూలి పనులూ పోయాయి. ఉండిపోయిన కుటుంబాలు పైసా పైసా కూడబెట్టి నేల కొనుక్కున్నాయి. చేపలు, రొయ్యలు, ఆల్చిప్పలు పట్టుకుంటూ, చిలగడదుంప, బెండ, బొబ్బర్లు పండించుకుంటూ బతికాయి. వీళ్ళనే గల్లా జనం అంటారు. పశ్చిమ ఆఫ్రికా భాషలూ ఇంగ్లీషూ కలిసి పుట్టిన సొంత భాష వాళ్ళది. దీవికి వంతెన లేదు, పడవే దారి. పైగా దోమలు, మలేరియా. 1893లో వచ్చిన తుఫాను ఆ చుట్టుపక్కల దీవుల్లో దాదాపు రెండు వేలమందిని మింగింది. అందుకే చాలాకాలం ఆ నేలమీద ఎవరి కన్నూ పడలేదు. ఉత్తరాది డబ్బున్నవాళ్ళు వేటకోసం పెద్ద పెద్ద ముక్కలు కొని పెట్టుకున్నారు తప్ప అక్కడ కాపురం ఉండలేదు. పనికిరాని నేల అన్నంతకాలం నల్లవాళ్ళకు అది ఇల్లు. దాన్నే అందమైన నేల అనడం మొదలైనప్పటినుంచీ వాళ్ళకు కష్టం మొదలైంది.

1949-50లో జార్జియా కలప వ్యాపారులు కొందరు దీవిలో అధిక భాగం కొన్నారు. ఆ భాగస్వాముల్లో జోసెఫ్ ఫ్రేజర్ ఒకడు. ఆయన కొడుకు చార్లెస్ ఫ్రేజర్ యేల్‌లో లా చదివాడు. రంపాలకింద ఆ పైన్ అడవి నేలకూలడం చూసి, ఈ చెట్లు నిలబడి ఉంటేనే ఎక్కువ విలువ అని అతనికి తట్టింది. 1956లో వంతెన వచ్చింది. 1957లో సీ పైన్స్ మొదలైంది.

ఫ్రేజర్ తెలివి ఎక్కడుందో చూడండి. అప్పటిదాకా బీచ్ ఊళ్ళంటే సముద్రం వెంబడే రోడ్డు, రోడ్డు వెంబడే వరసగా ఇళ్ళు. మొదటి వరసకు సముద్రం, వెనకున్నవాళ్ళకు ముందున్నవాళ్ళ గోడ. హిడియో ససాకీ బృందంతో వేయించిన ప్లానులో రోడ్లు సముద్రంవైపు వచ్చి ఆగిపోతాయి. ఇళ్ళ మధ్యలోంచి కాలిబాటలు బీచ్‌దాకా పోతాయి. దాంతో లోపలి ప్లాటుకు కూడా సముద్రం అందింది, దానికీ ధర పలికింది. ఇసుక దిబ్బలు దిబ్బలుగానే ఉన్నాయి. వందల ఎకరాల అడవిని ముట్టుకోకుండా వదిలేశారు.

ఇదంతా చెక్కుచెదరకుండా నిలబెట్టింది ఒక న్యాయ ఉపాయం. ప్లాటు అమ్మిన ప్రతి దస్తావేజులోనూ షరతులు రాశాడు. ఏ రంగు వేయాలి, ఎంత ఎత్తు కట్టాలి, ఏ చెట్టు కొట్టాలంటే ఎవరిని అడగాలి, అన్నీ అందులోనే. ఇల్లు ఎన్ని చేతులు మారినా ఆ షరతులు నేలతోపాటే పోతాయి. వకీలు బుర్ర చెట్టుకు దస్తావేజు రాసిపెట్టింది. ఫ్రేజర్‌ని దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. చెట్లను నిజంగానే కాపాడాడు. కానీ ఆ కాలనీకి పెట్టిన పేరు చూడండి: సీ పైన్స్ ప్లాంటేషన్. తర్వాత వచ్చిన కాలనీలు కొన్ని కూడా అదే మాట తగిలించుకున్నాయి. కొనేవాడికి ఆ మాటలో వెన్నెల, వరండా, పాతకాలపు దర్జా కనిపించాయి. అదే మాటలో కొరడా వినిపించేవాళ్ళు గేటు బయట ఉన్నారు.

ఇప్పుడు గల్లావాళ్ళ కాగితాల సంగతికొద్దాం. తాత కొన్న నేలకు వీలునామా ఉండదు. కోర్టంటే తెల్లవాడి చోటు, అక్కడ కాగితం రాయించుకోవాలన్న నమ్మకం ఎలా వస్తుంది? తాత పోతే నేల పిల్లలందరిదీ. వాళ్ళు పోతే మనవలందరిదీ. అక్కడ దీన్ని వారసుల ఆస్తి అంటారు. కలిసి బతికినంతకాలం ఇబ్బంది లేదు. అయితే ఎక్కడో న్యూయార్కులో ఉన్న, ఆ నేల ఎన్నడూ చూడని ఒక్క వారసుడు తన పాలు అమ్మితే చాలు. కొన్నవాడు కోర్టులో పంపకం దావా వేస్తాడు. ఇంతమందికి ముక్కలు చేయడం కుదరదని కోర్టు మొత్తం నేలను వేలానికి పెడుతుంది. వేలంలో డబ్బున్నవాడే పాడతాడు. అమ్మనన్నవాళ్ళ ఇల్లు కూడా అందులో పోతుంది. ఈ పద్ధతిలో దక్షిణాది అంతటా నల్లవాళ్ళ నేల కరిగిపోయింది.

వేలం తప్పించుకున్నవాళ్ళను పన్ను పట్టుకుంది. పక్కన రిసార్టు లేస్తే నీ పెంకుటింటి స్థలం విలువ కూడా పెరుగుతుంది. విలువ పెరిగితే పన్ను పెరుగుతుంది. నీ రొయ్యల వల ఆదాయం మాత్రం పెరగదు. పన్ను కట్టలేకపోతే మళ్ళీ వేలమే.

ఒకే దేశం, ఒకే దీవి. సీ పైన్స్ చెట్టు విషయంలో దస్తావేజు తరతరాలకూ కట్టుబడి ఉంటుంది. గల్లా మనిషి విషయంలో మూడో తరానికే నేల చేజారుతుంది. తేడా నేలలో లేదు. చట్టం ఎవరి చేతిలో ఆయుధమైంది, ఎవరి మెడమీద కత్తయింది అన్న దాంట్లో ఉంది.

మధ్యలో ఒక ఘట్టం ఉంది, దాన్ని దాటేయకూడదు. 1969లో జర్మన్ రసాయనాల కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. హిల్టన్ హెడ్‌కు దగ్గర్లో విక్టోరియా బ్లఫ్ అనే చోట ఫ్యాక్టరీ పెడతానంది. రిసార్టు యజమానులు కంగారుపడ్డారు. నల్ల జాలర్ల సహకార సంఘం కూడా ఎదురు తిరిగింది, నీళ్ళు చెడితే రొయ్య ఉండదు కాబట్టి. 1970లో ఆ సంఘంవాళ్ళ 'కెప్టెన్ డేవ్' అనే పడవ వేల సంతకాల వినతిపత్రం మోసుకుని వాషింగ్టన్‌దాకా వెళ్ళింది. చివరికి కంపెనీ వెనక్కి తగ్గింది. మరోపక్క, ఫ్యాక్టరీ వస్తే మా పిల్లలకు పక్కా ఉద్యోగాలొస్తాయని ఆశపడ్డ నల్లవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను ప్రకృతి ద్రోహులని ఎలా అంటాం? రిసార్టు వాళ్ళకు చూపించిన పని పక్కలు మార్చడం, గిన్నెలు కడగడం, గడ్డి కోయడం. నీళ్ళు కాపాడటానికి నల్ల జాలరి పడవ కావాల్సి వచ్చింది. గెలిచాక అతని నేలను కాపాడటానికి అలాంటి పడవ ఏదీ కదలలేదు.

ఒకప్పుడు దీవిలో ఎక్కువమంది నల్లవాళ్ళే. ఇవాళ కొద్దిమంది. 1983లో దీవి పట్టణంగా మారేటప్పుడు గల్లావాళ్ళలో చాలామంది వద్దన్నారు. అయినా పట్టణమైంది. దీవిలో ఉండే స్తోమత లేని కూలీలు దశాబ్దాలుగా దూరపు కౌంటీలనుంచి చీకటితోనే బస్సెక్కి, గంటలు ప్రయాణించి వచ్చి హోటల్ గదులు ఊడుస్తున్నారు.

సీ పైన్స్‌లో హార్బర్ టౌన్ అని పడవల రేవు ఉంది. అక్కడి పెద్ద ఓక్ చెట్టును కాపాడటానికి ఫ్రేజర్ రేవు ప్లానునే సర్దాడని చెబుతారు. 2002లో పడవ ప్రమాదంలో పోయినప్పుడు అతన్ని ఆ చెట్టు నీడలోనే పాతిపెట్టారు. అక్కడికి కాస్త దూరంలో, గోల్ఫ్ మైదానం పక్కన, కాండోమినియాల మధ్య బ్రాడక్స్ పాయింట్ శ్మశానం ఉంది. అందులో గల్లా జనం పెద్దలు ఉన్నారు. తమ పెద్దల సమాధి చూడ్డానికి వచ్చిన బిడ్డలు కాలనీ గేటు దాటి రావాలి. శ్మశానానికి దారి అడుక్కోవడం అంటే ఏమిటో మన పేటల్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

పోరాటం ఆగలేదు. 2006లో అమెరికా పార్లమెంటు గల్లా-గీచీ సంస్కృతిని కాపాడే వారసత్వ ప్రాంతాన్ని గుర్తించింది. 2016లో సౌత్ కరోలినా వారసుల ఆస్తి చట్టాన్ని సవరించింది. ఇప్పుడు ఒక వారసుడు వేలం కోరితే, అతని పాలును ముందుగా కొనుక్కునే హక్కు మిగతా వారసులకుంది. ఆ చట్టానికి క్లెమెంటా పింక్నీ పేరు పెట్టారు. 2015లో చార్ల్స్‌టన్ చర్చిలో తెల్లజాతి దురహంకారి కాల్చి చంపిన నల్లజాతి సెనేటర్ ఆయన. అప్పటికే పోయిన నేల మాత్రం తిరిగి రాదు.

అందుకే ప్రకృతి ఒడిలో కట్టామని ఎవరు బ్రోచర్ చూపించినా, అందులో ఎన్ని చెట్లు మిగిల్చారో లెక్కపెట్టండి, మంచిదే. ఆ తర్వాత ఆ చెట్ల కింద అంతకుముందు ఎవరు నిద్రపోయేవాళ్ళో, వాళ్ళ కాగితాలు ఏమయ్యాయో, వాళ్ళ సమాధులకు దారి ఏ గేటులోంచి పోతుందో కూడా అడగండి.