తపాలా బిళ్ళలు కాని బిళ్ళలు

నూజివీడు సీమలో మామిడితోటలుగల పాత ఇండ్లలో భోషాణము తెరచినచో రసముల కాపు అమ్మిన రశీదులు, దూరదేశమునుండి వచ్చిన ఉత్తరములు, వానిపై నంటించిన రంగు చీటీలు ఒకే మూటలో కనిపించుట కద్దు. ఆ మూటలు తూకమునకు అమ్ముడుపోకమున్నే వానిలో నిలుపుకొనదగిన వేవో మనము తెలిసికొనవలయును.

తపాలా రుసుమునకు చెల్లని బిళ్ళలను సేకర్తలు సిండరెల్లా బిళ్ళలందురు. సవతితల్లి ఇంట బూడిదలో మెలగిన కథానాయిక పేరది. రెవిన్యూ స్టాంపులు, ధర్మకార్యముల చీటీలు, విమానపు టపా చీటీలు ఈ కోవలోనివే.

ముందుగా రశీదులు. 1899 స్టాంపు చట్టము ననుసరించి 20 రూపాయలకు మించిన రశీదుపై అణా స్టాంపు ఉండవలసెను. 1906లో తపాలాకును, రెవిన్యూకును కూడ చెల్లు అణా బిళ్ళలు వెలువడెను. తోట బయానా రశీదుపై సంతకము పడిన అట్టి బిళ్ళను ఊడదీసినచో అది సిరా గీతల చౌక బిళ్ళ మాత్రమే. రశీదుతో నున్నచో నాటి కాపు వెలకు అది సాక్ష్యము.

ఇక విమానపు టపా. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదునుండి నైనీకి హెన్రీ పెకే అను ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరములను తీసికొనిపోయెను. వానిపై నున్నవి మామూలు బిళ్ళలే. వాని ఘనత నంతయు తెలుపునది ప్రత్యేక ముద్రయే. విమానపు టపా చీటీని మొదట 1918లో ఫ్రాన్సు వాడెను. 1932 అక్టోబరు 15న టాటా కరాచీనుండి బొంబాయికి టపా తేగా, విన్సెంటు దానిని బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చెను. 1949 ఏప్రిలునుండి దేశములోని ఉత్తరములు అదనపు రుసుము లేకయే విమానములో పోసాగెను. కావున అటుపిమ్మటి దేశీయపు కవరుపై నీలి చీటీ ఉన్నంతమాత్రమున విశేషము లేదు. లేనంతమాత్రమున ఆ ఉత్తరము ఎగురలేదనియు చెప్పరాదు.

1934 మొదలు కలకత్తా వాసియగు స్టీఫెన్ స్మిత్ రాకెట్లతో ఉత్తరములు పంపి, అందులకై ప్రత్యేకపు చీటీలు వాడెను. ఆయన స్మృత్యర్థము 1992లో మన తపాలాశాఖయే బిళ్ళ వెలువరించెను. నాటి సిండరెల్లాకు రాజమందిర ప్రవేశము లభించినట్లే గదా! 1904లో డెన్మార్కున పుట్టిన క్షయనివారణ చీటీ మన దేశమున 1950నుండి ఏటేట వెలువడసాగెను. ఇవి విరివిగా అమ్ముడైనవి గనుక విడిగా ఖరీదు స్వల్పము.

వెల కట్టుటకు మేము పాటించు పద్ధతి యిది. తపాలా ముద్ర చీటీమీదను, కవరుమీదను తెగకుండ సాగినదా? చీటీ అంచుకడనే ముద్ర ఆగిపోయినచో తరువాత అంటించినదని శంకింపవలయును. ముద్రలోని తేదీకిని, మార్గమునకును, చెల్లించిన రుసుమునకును పొత్తు కుదిరినదా? కాగితము, జిగురు, అంచు రంధ్రములు ఆ కాలమునకు తగినవేనా? ఈ మూడును తేలినపిమ్మటనే అరుదుతనము మాట. అరుదైనను కోరువాడు లేనిచో ధర పలుకదు. కోరువా రిద్దరున్నచో అల్పమైన చీటీయు ప్రియమగును.

1948 చట్టముతో నూజివీటి వంటి జమీందారీలకు కాలము చెల్లెను. నాటి దస్త్రములతో నిక పని లేదని తలచువారు పెక్కురు. ఇంటి కాగితములను సర్దువారికి మా మనవి యొక్కటే: బిళ్ళ నచ్చినదని నీట నానబెట్టకుడు, కత్తెర పెట్టకుడు. కవరును కవరుగా, రశీదును రశీదుగా పొడిచోట నుంచుడు. బిళ్ళ ఖరీదు కొన్ని రూపాయలే కావచ్చును. దానితోకూడ చిరిగిపోవు ఊరి చరిత్రను మరల ముద్రించు అచ్చుకూటము లేదు.