వరిగడ్డి కింద కబురు

మే నెల. ఇంకా తెల్లవారలేదు. నూజివీడు పక్కన ఓ మామిడి తోటలో, తల వంచి తాటాకు పాకలోకి అడుగుపెట్టారు మీరు. సొన, వరిగడ్డి, తీపి కలగలిసిన వాసన. "చెయ్యి పెట్టి చూడండి," అంటాడు తోట కాపరి. గడ్డి తప్పించి చెయ్యి దూరిస్తే వెచ్చగా తగులుతుంది. చిక్కంతో కోసి నాలుగు రోజులైనా చిన్న రసాలు ఊపిరి పీలుస్తూనే ఉన్నాయి. ఆ వేడి వాటిదే.

ఒక కాయ తీసి ముచ్చిక దగ్గర బొటనవేలితో నొక్కండి. కాస్త లోపలికి దిగుతుంది. మెత్తబడమని దానికి కబురు పెట్టింది ఇథిలీన్ అనే వాయువు. ఆ కబురు గాలికి పోకూడదనే మాగేసిన కాయల్ని ఇలా కప్పి ఉంచుతారు.

ఆ మెత్తని చోటే కణంలోకి దిగుదాం. మిథియొనిన్ అనే అమైనో ఆమ్లం, కణాల ఇంధనం లాంటి ఏటీపీతో కలిసి పనికి సిద్ధమవుతోంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1929లో హార్వర్డులో వెలికితీసిన ఏటీపీయే అది. ఆయన పేరు ఈ పాకలో తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అలా సిద్ధమైన ఆ సరుకు ఏసీసీ సింథేజ్‌ను చేరింది. ఒకే తీరు భాగాలు రెండు పెనవేసుకున్న ఎంజైము ఇది. పని జరిగే గుంటలు ఆ రెండూ ఒరుసుకునే అంచున ఉన్నాయి. ఇటు గుంటలోకి అటు భాగం ఒక టైరోసిన్‌ను వేలులా చాపి సాయం పడుతుంది. అడుగున బి6 విటమిన్ నుంచి వచ్చిన అణువు. సరుకు తెగి, ఇథిలీన్‌కు ముందు రూపమైన ఏసీసీ విడివడుతుంది. ఈ మజిలీని 1979లో కాలిఫోర్నియాలో ఆడమ్స్, యాంగ్ పట్టుకున్నారు. తర్వాత ఇనుము, ఆక్సిజన్, సి విటమిన్ తోడుగా మరో ఎంజైము దాన్ని ఇథిలీన్‌గా మారుస్తుంది.

లేత కాయలో ఈ సింథేజ్ నామమాత్రమే. పుట్టినా కణం దాన్ని ఎక్కువసేపు బతకనివ్వదు. కాయ ముదిరాక తీరు మారుతుంది. ఇథిలీనే ఆ ఎంజైము జన్యువుల్ని మేల్కొలుపుతుంది, అవి ఇంకా ఇథిలీన్ పుట్టిస్తాయి. ఒక్క పండు గంపంతా మాగించేది ఇందుకే. త్వరగా మాగించడానికి కొందరు పెట్టే కార్బైడ్ నుంచి వచ్చే అసిటిలీన్ కూడా ఇథిలీన్‌లా నటిస్తుంది. ముదరని కాయకు పైన పసుపు పూస్తుంది, లోపల పులుపు అలాగే ఉంటుంది. పైగా ఆ కార్బైడ్‌లో ఆర్సెనిక్ మలినాలు. దాన్ని నిషేధించింది అందుకే. పిల్లలు తినే పండుకు అది పెట్టేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

కాపరి మీ చేతిలోని కాయ అందుకుని, మళ్లీ నొక్కి చూసి, బాగా మాగిన పండు పక్కన సర్ది గడ్డి కప్పేస్తాడు.

"ఇది రేపటికండీ."